అంచులయందలి అందము

గృహాలంకారమునకు ఎంత ధనము కావలెనని యోచించువారు సామాన్యముగా గోడల వైశాల్యమును నేల వైశాల్యమును కొలిచి, ఆ కొలతను అంగడిలోని సరకు ధరతో హెచ్చవేసి, వచ్చిన మొత్తమును చూచి నిట్టూర్పు విడుతురు. తెలుగుదేశపు పాత యిండ్లలోని గృహిణులు ఈ లెక్కను ఎన్నడును వేసినట్లు కానరాదు. వారు తమ నేర్పునంతటిని గోడ నేలను కలియు చోటను, తలుపు క్రింది గడపయందును, ద్వారబంధపు పైకఱ్ఱయందును, అరుగు చివరను, వాకిలి వీథిని తాకు తావునను వెచ్చించి, తక్కిన బయలునంతయు బయలుగనే విడిచిరి. 10 అడుగుల వెడల్పును, 12 అడుగుల పొడవును, 10 అడుగుల ఎత్తును గల గది యొకటి యున్నదనుకొందము. తలుపులను కిటికీలను మినహాయింపక చూచినచో దాని నాలుగు గోడల వైశాల్యము 440 చదరపుటడుగులు. ఆ గోడల యడుగున చుట్టును 9 అంగుళముల ఎత్తున ఒక రంగుపట్టె తీర్చినచో, దానికి పట్టు తావు 33 చదరపుటడుగులు మాత్రమే; అనగా పదమూడింట ఒక వంతునకు ఇంకను లోపు. చూపు మాత్రము ఆ పట్టె వెంటబడి గదియంతయు తిరిగివచ్చును. స్వల్పవ్యయముతో ఇల్లు సొంపుగా తీర్చుకొను విద్యయంతయు ఈ చిన్న గణితముననే యిమిడియున్నదని నా యభిప్రాయము.

అంచు రాణింపవలెనన్నచో దాని నడుమనున్న బయలు నిర్మలముగా నుండవలెను. ఆ నైర్మల్యమును మన యిండ్లకు ప్రసాదించినది సున్నము. సున్నపురాతిని బట్టీలో కాల్చినపుడు అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. సముద్రతీర గ్రామములలో రాతికి మాఱుగా గుల్లలను కాల్చుదురు. ఇట్లు కాలిన సున్నమును నీటిలో వేసినంతనే అది కుతకుతలాడుచు ఉడుకును. ఆ వేడిమి చర్మమునకును, అంతకు మించి కన్నులకును హాని చేయునది కావున, పండుగ సందడిలో పిల్లలను ఆ గోలెము దాపునకు రానీయరాదు. ఉడుకు చల్లారిన పిదప ఒకటి రెండు దినములు ఊరనిచ్చి, పలుచని గుడ్డలో వడియగట్టి, ఇంత గంజి గాని, నానబెట్టిన తుమ్మజిగురు గాని చేర్చినచో, ఆరిన పూత చేతికిని బట్టకును అంటకుండును. చిటికెడు నీలిమందు కలుపుటలోని రహస్యము మఱియొకటి: సున్నపు తెలుపులో దాగియుండు పసుపు ఛాయను ఆ నీలము విఱిచివేయును; ఎక్కువైనచో గోడ నీలిబాఱును గనుక చిటికెడే చాలును.

పూయుట యందు నేర్పున్నది. ముందుగా గోడను నీటితో తడుపవలెను. లేనిచో ఎండిన గోడ సున్నములోని నీటిని ఒక్క గ్రుక్కలో త్రాగివేయుటచే పూత పొడియై రాలును. ఈతమట్ట కొనను చితుకగొట్టి చేసిన కుంచెతో, ఒకసారి అడ్డముగను, ఆరిన పిదప మఱియొకసారి నిలువుగను, పలుచగా పూయుదురు. తడిగా నున్నపుడు ఆ పూత వెలవెలబోయి, గోడ లోపములన్నియు బయటపడుచున్నట్లు కనబడును. ఈ సంగతి యెఱుగని క్రొత్తవారు తొందరపడి చిక్కగా పూయుదురు, చిక్కని పూత మఱునాటికి పగిలి పొరలుపొరలుగా ఊడును. ఓపికపట్టినవారికి అది ఆరినకొలది తెల్లబడి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా తిరిగి గ్రహించి, మఱల రాతి స్వభావమును పొందును. నేటి నిగనిగలాడు రంగులతో పోల్చినచో సున్నమునకగు వ్యయము ఎంతయో తక్కువ. పైగా గోడలోని చెమ్మ దానిగుండ బయటికి పోగలదు. అయితే ఇదివఱకే ప్లాస్టిక్ రంగు వేసిన గోడకు సున్నము పట్టదు. ఆ రంగును గీకివేయక సున్నము పూయ బూనుట డబ్బు పాఱవేయుటయే.

ఆ తెల్లని బయలునకు దిగువ అంచు జాజు. ఇనుపధాతువు కలిసిన ఈ ఎఱ్ఱమన్ను చాల ఊళ్లలో త్రవ్వుకొని తెచ్చుకొనుటకు లభించెడిది. సంతలో కొన్నను దాని వెల స్వల్పము. గోడ యడుగున జాజుపట్టె తీర్చుట కేవలము సింగారము కొఱకే కాదు. వానచినుకులు నేలనుండి ఎగసి బురద చిమ్మునది అచ్చటనే. అలుకుగుడ్డ తగిలి మరకలగునది అచ్చటనే. పిల్లల పాదములు తన్నునది అచ్చటనే. మాసిపోవుట అనివార్యమైన చోట మాపు కానరాని రంగు నుంచుట వలన, సంవత్సరమునకు ఒక్కసారి సున్నము వేసిన యిల్లును ఏడాదిపొడుగునను శుభ్రముగా కనబడును. పట్టె పైగీత తిన్నగా రావలెనన్నచో, దారమును జాజునీటిలో ముంచి, ఇరువురు చెఱియొక కొనను గోడకు అదిమిపట్టగా, నడుమ దానిని లాగి విడుతురు. దారము గోడను కొట్టిన చోట గీత పడును. బద్దతో పనిలేదు. ఆ గీతపై వరుసగా తెల్లని చుక్కలు గాని, చిన్న త్రిభుజములు గాని తీర్చుట ఉత్తరాంధ్రమున చుట్టిండ్ల గోడలపై నేటికిని చూడవచ్చును. శ్రీకాకుళపు కొండలలో సవరలు ఎఱ్ఱమట్టి గోడపై బియ్యపుపిండితో వ్రాయు చిత్రములకును ఈ ఎఱుపు తెలుపులే మూలము. కాని అవి దేవతలను పితరులను ఉద్దేశించి చేయు క్రతువులో భాగములు గనుక, వానిని కేవలము గోడసింగారముగా ఎంచి, పట్టణపు హాలులో అంటింపబూనుట నాకు రుచింపదు.

వాకిలికి వత్తము. పేడయు మట్టియు కలిపి అలికిన నేలపై ముగ్గు వేయుట అందఱు ఎఱిగినదే యైనను, అందలి శాస్త్రమును నేటివారు తగినంత గమనింపలేదేమో యనిపించును. పేడలోని సన్నని పీచు మట్టిని పట్టియుంచి ఎండకు బీటలు వాఱనీయదు. అలికిన చేయి అర్ధచంద్రాకృతులుగా కదలుట వలన నేలపై ఒక మెత్తని నేత ఏర్పడును. ఆ మట్టిరంగు ముదురుగా నుండుటచేతనే పైని పిండి అంత తెల్లగా కనబడును. ముగ్గుపిండిని బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని నడుమ పట్టి, చేతిని నేలకు తాకింపక, వేగము మార్పక జాఱవిడువవలెను. చేయి ఆగిన చోట గీత లావై, తొందరపడిన చోట తెగును. ఇంటి లోపల, దేవుని గూటి ముందఱ, నానిన బియ్యమును మెత్తగా రుబ్బి నీరు చేర్చి, గుడ్డపేలికను అందు ముంచి వ్రేలి కొసనుండి పిండుచు గీయుదురు. అది తడిగా నున్నపుడు కానవచ్చీ రానట్లుండి, ఆరిన పిదప తేటపడును.

చుక్కల ముగ్గునకు కాగితముపై వ్రాసికొను సంకేతములున్నవి. “15 చుక్కలు, 8 వచ్చువఱకు, సందుచుక్క” అనగా, నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టి, దాని పైనను క్రిందను ప్రతి వరుసయందును ఒక్కొక్క చుక్క తగ్గించుచు, రెండు చుక్కల సందున ఒక చుక్క వచ్చునట్లు 8 వఱకు పోవుట. అట్లు చేసినచో 15 వరుసలు, 169 చుక్కలు, ఆఱు భుజముల ఆకారము సిద్ధించును. “7 చుక్కలు, 1 వచ్చువఱకు, సరిచుక్క” అన్నచో చుక్క క్రింద చుక్క నిలిచి, ఇరుప్రక్కల నొక్కొక్కటి తగ్గి, 25 చుక్కలతో మూల నిలిచిన చతురస్రమగును. అక్షరము రాని అవ్వలు సైతము ఈ గణనను మనస్సునందే చేసెడివారు. మెలికల ముగ్గులో గీత ఏ చుక్కను తాకక, ప్రతి చుక్కను చుట్టి, బయలుదేఱిన తావునకే చేరవలెను. ఒక్క మెలిక తప్పినచో ఆ తప్పు ఎచ్చటనో కాక చిట్టచివరను బయటపడును. సంక్రాంతి నెలలో దినదినమును ముగ్గు పెరిగి, గుమ్మడిపూలు తాల్చిన గొబ్బెమ్మలు దాని నడుమ కూర్చుండి, పండుగ చివరి దినములలో రథము ముగ్గు వేసి దాని త్రాడును ప్రక్కయింటి ముగ్గుతో కలుపుటతో ముగియును. వీథి వీథియంతయు ఒకే అంచుగా మాఱు అట్టి దినము మఱియొకటి లేదు. ఇపుడు గడప ముందఱ అంటించు ముగ్గు స్టిక్కర్ల విషయమై నాకు కోపము లేదు. కాని ఏడాదిపాటు ఒకే మెలిక త్రొక్కబడుచు, మూలలు లేచి, మురికిపట్టి యుండుట చూచినపుడు, ఆ తావును ఖాళీగా తుడిచి యుంచినను ఇంతకంటె సొగసుగా నుండునుగదా యనిపించును.

గడపకు పసుపు, కుంకుమ బొట్లు. పైకఱ్ఱకు మామిడి తోరణము. మామిడాకు దళసరిది కావున వాడిన పిమ్మటను ముడుచుకొనిపోక, రంగు మాఱియు ఆకృతి చెడక పలు దినములు నిలుచును. తోరణమునకు దానినే వరించుటకు ఆచారముతో పాటు ఇదియు నొక కారణమై యుండవచ్చును. ఆకుల తొడిమలను పురికొసపై మడచి ఈనెపుల్లతో గ్రుచ్చి, నాలుగాకుల కొక బంతిపువ్వు చేర్చినచో చాలును. ఆకులు క్రిక్కిఱిసినచో గాలికి కదలవు.

లోపలి గదులయందు పాత యిల్లాండ్రు ప్రదర్శించినది ప్రత్యేకముగా కొన్న వస్తువులను కాదు. నిత్యము వాడు వానినే. ఇత్తడి గుండిగలు, బిందెలు, చెంబులు చింతపండుతో తోమబడి బల్లపై పెద్దదానినుండి చిన్నదానివఱకు వరుసగా నిలిచెడివి. చింతపండులోని పులుసు ఇత్తడి మీది చిలుమును కరగించును. వరుస మాత్రము ఇల్లాలి కన్ను చేసిన పని. గోడ పైభాగమున, ద్వారబంధముల ఎత్తుననే, దేవతల పటములు ముందుకు వాలి వరుసగా నుండెడివి. రాజా రవివర్మ 1894లో బొంబాయియందు ముద్రణాలయము నెలకొల్పిన పిమ్మట అట్టి పటములు సామాన్యులకును అందినవి. వానిని వాల్చి కట్టుట వలన క్రిందనుండి చూచువానికి అద్దముపై వెలుగు మిఱుమిట్లు గొలుపదు. ఇదియు గోడకు ఒక అంచే. బొమ్మల కొలువు సంగతి చెప్పనేల? అటకమీది ట్రంకుపెట్టెలను మెట్లుగా పేర్చి, వానిపై ఉతికిన తెల్లపంచె పఱచినచో పీఠము సిద్ధము. దానిపై కొండపల్లి బొమ్మలు: తేలికయైన పొణికి కఱ్ఱను చెక్కి, అంగములను చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిసిన మక్కుతో అతికినవి. ప్రక్కన ఏటికొప్పాక లక్కపిడతలు: అంకుడు కఱ్ఱ తరిమెనపై తిరుగుచుండగా, మొక్కల రంగులు చేర్చిన లక్కను దానికి ఒత్తిపట్టినచో, రాపిడి వేడిమికే కరగి అంటుకొని మెఱుగెక్కినవి. ఏటేట ఒక్క బొమ్మను కొను కుటుంబమునకు ఒక తరములో ఎంతటి కొలువు సమకూరునో ఊహింపుడు.

ఇంతవఱకు వ్యయము స్వల్పమని పలుమార్లు వ్రాసితిని. ధనవ్యయము స్వల్పమన్న మాట నిజము. శ్రమ స్వల్పము కాదు. తెల్లవాఱకముందే లేచి కళ్లాపి చల్లి, అలికి, ముగ్గు పెట్టి, పండుగ ముందఱ ఇల్లంతయు దులిపిన స్త్రీల శ్రమను ఏ పద్దునందును ఎవ్వరును వ్రాయలేదు గనుకనే ఆ అలంకారము చౌకయైనట్లు తోచినది. ఉద్యోగమునకు పోవు గృహిణి నేడు అదంతయు తానొక్కతెయే చేయవలెనని కోరుట అన్యాయము. పురుషులు కుంచె పట్టి, పిల్లలు చుక్కలు లెక్కించి, పని పంచుకొన్న యింట మాత్రమే ఈ సంప్రదాయమును పొగడుటకు మనకు ముఖముండును.

మట్టినేల లేని, మేకు కొట్టుటకైనను యజమాని యంగీకరింపని అద్దె వాటాలలోను అంచుల సూత్రము చెల్లును. గోడల జోలికి పోనక్కఱలేదు, తెరలు చాలును. చీరాల, మంగళగిరి నేతగాండ్ర సాదా నూలుగుడ్డ తీసికొని, దాని దిగువ చివర పెడన అచ్చు కలంకారీ గుడ్డనుండి కత్తిరించిన నాలుగంగుళముల పేలిక కుట్టినచో, గుడ్డయంతయు కలంకారీదే కొన్నదానికంటె తక్కువలో అంతకంటె హుందాయైన తెర లభించును. అదియు కొననక్కఱలేని మార్గమొకటి కలదు. పాతచీరలో ఒడలు చివికినను అంచు గట్టిగా నుండుట సాధారణము. అయిదున్నర మీటర్ల చీరకు రెండంచులు కలిసి 11 మీటర్లు వచ్చును. మీటరుంబావు వెడల్పు గల తెరలు ఎనిమిదింటికి అది సరిపోయి, ఇంకను ఒక మీటరు మిగులును. మిగిలిన ఒడలిలో చివుకని భాగములను మడతలుగా పేర్చి, దగ్గర దగ్గరగా పెద్ద కుట్లు వేసినచో దివాను మీదికి బొంత యగును. కుట్టుటకు ముందు ఒక్క జాగ్రత్త: క్రొత్త నూలుగుడ్డ తొలి ఉతుకునకు కురుచయగును, పలుమార్లు నీరు చూచిన పాత అంచు ఇక కురుచ కాదు, కావున క్రొత్తగుడ్డను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరవేసిన పిదపనే అంచు కుట్టవలెను, లేనిచో మొదటి ఉతుకుననే తెర దిగువనంతయు ముడతలు తేలును.