అడుగున బిగించిన బరువు

తెరచాప పడవ చూడగానే కళ్లన్నీ చాప మీదికే పోతాయి. నా గౌరవం మాత్రం అడుగున మోకాళ్ల మీద కూర్చుని బ్యాటరీలు బిగించే పనివాడికి.

100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే సుమారు 30 కిలోలు. గాలికి ఒరగడం పడవకు నిత్యకృత్యం, పెద్ద అల విరుచుకుపడితే తలకిందులూ కావచ్చు. అప్పుడు ఊడిన బ్యాటరీ ఎముకలు విరుస్తుంది, ఆమ్లం చిమ్ముతుంది, తీగలు ఒరుసుకుంటే నిప్పు పుడుతుంది.

అందుకే అతను ఆ బరువును వీలైనంత కిందికి, పడవ నడిమధ్యకు చేరుస్తాడు. ఆమ్లానికి చెడని పెట్టెలో కూర్చోబెట్టి, పెట్టెను పడవ ఒంటికే ఫైబర్‌గ్లాస్‌తో అతికిస్తాడు. పైన అడ్డపట్టీ వేసి బోల్టులతో బిగిస్తాడు. చెక్కలోకి దిగిన చిన్న స్క్రూలను అస్సలు నమ్మడు. టెర్మినళ్లకు మూతలు, బ్యాటరీల నుంచి వచ్చే హైడ్రోజన్ బయటికి పోవడానికి గాలిదారి కూడా అతని బాధ్యతే.

అమెరికా కోస్ట్‌గార్డ్ పెట్రోలు ఇంజను పడవలకు ఒక నియమం పెట్టింది: 90 పౌన్ల బలం, బ్యాటరీ బరువుకు రెట్టింపు బలం, ఈ రెండింటిలో తక్కువదానితో లాగితే బ్యాటరీ అంగుళం మించి కదలకూడదు. మంచి పనివాడికి ఆ అంగుళమూ ఎక్కువే.

2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవపై భూగోళం చుట్టివచ్చిన ఆరుగురు నావికాదళ మహిళల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. అలాంటి సుదూర యాత్రల్లో రేడియో, రాత్రి దీపాలు నడిచేది బ్యాటరీలతోనే. ఆ ధీరలకు కొట్టిన చప్పట్లలో ఇలాంటి చేతులకూ వాటా ఉంది.