చలనచిత్ర పురస్కార తారతమ్యము

దృశ్యకావ్యమును బరీక్షించువా రెవ్వరు, ఏ లక్షణములఁబట్టి పరీక్షింపవలయు నను ప్రశ్న నేఁడు పుట్టినది కాదు. భరతుని నాట్యశాస్త్రమున సిద్ధిలక్షణము చెప్పు నధ్యాయమున నీ విచారము సవిస్తరముగాఁ గలదు. ప్రయోగమును నిర్ణయించు ప్రాశ్నికులు పదితెగలవా రనియు, యజ్ఞవేత్త, నర్తకుఁడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్వేది, చిత్రకారుఁడు, వేశ్య, గాయకుఁడు, రాజసేవకుఁడు నను వీరిలో నెవ్వరి విషయమున వారే ప్రమాణ మనియు నచటఁ జెప్పఁబడినది. శబ్దవేత్తకుఁ గూడ నాసన మొసఁగుట వైయాకరణులు సంతోషింపఁదగిన విషయమే. కాని యాతఁడు నృత్తమునుగూర్చి తీర్పు చెప్పరాదను నియమము గూడ దానివెంటనే యున్నది. గెలిచిన ప్రయోక్తకుఁ బతాక నొసఁగుదురు. ఆ శాస్త్రమును తెనుఁగువారి కందించిన పోణంగి శ్రీరామ అప్పారావుగారి కృతికి 1960లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

ఆ యధ్యాయముననే సిద్ధి రెండు విధములుగా విభక్తమైనది. మానుషసిద్ధి ప్రేక్షకుల చిఱునవ్వు, పెద్దనవ్వు, మెప్పుమాట, గగుర్పాటు, లేచి నిలుచుట, వస్త్రములు నుంగరములు విసరుట మొదలగు బాహ్యచిహ్నములచేఁ దెలియును. దైవికసిద్ధి రంగము నిండియుండియు సద్దులేక, క్షోభములేక, చూచువారు భావమున మునిఁగియుండుటచేఁ దెలియును. నాఁడు ఉంగరములు విసరిరి, నేఁడు ప్రదర్శనశాలలోఁ గాగితపు ముక్కలు విసరుచున్నారు, భేద మింతియే. ఈ రెండవ సిద్ధికి గుర్తులు తక్కువ. కావుననే పురస్కార నిర్ణయమునఁ దఱచుగా నదియే మఱుఁగునఁ బడును.

తెలుఁగు చలనచిత్రములకు మూఁడు పీఠములు పతాకల నొసఁగినవి. ఢిల్లీయందలి జాతీయ పురస్కారములు మొదటివి. లేపాక్షి నందిపేర 1964లో నేర్పడిన యాంధ్రప్రదేశ ప్రభుత్వ నంది పురస్కారములు రెండవవి. రాష్ట్రవిభజనానంతరము 2014, 2015, 2016 సంవత్సరముల నందులను 2017 నవంబరున నొక్కసారిగాఁ బ్రకటించిరి. గాయకుఁడు గద్దరు పేర తెలంగాణ ప్రభుత్వము నెలకొల్పినవి మూఁడవవి. 2025 మేలో 2024వ సంవత్సరపు పురస్కారములతోఁ గూడ, గడచిన యేఁడులకు ఏఁటికి మూఁడేసి యుత్తమచిత్రములను బ్రకటించిరి. ప్రకటన వెలువడిన ప్రతిసారియు "యోగ్యమైనదానిని విడిచిరి" యను నాక్షేపము వినఁబడుచునే యున్నది. చేవెళ్ల, మొయినాబాదుల ప్రాంతమునందలి ప్రొద్దుటూరు వంటి గ్రామమున (కడపసీమలోని ప్రొద్దుటూరు వేఱు) రాజధానికి దగ్గఱనే యుండియు జనులు చిత్రములను మిక్కిలిగా నింటి దూరదర్శనముననే చూతురు. అచట విజేతయు విస్మృతుఁడును ఒకే తెఱపై, ఒకే పీఁటమీఁదఁ గూర్చున్నవారికిఁ గనఁబడుదురు గనుక తారతమ్య విచారము సహజముగఁ బుట్టును. అయిన నాక్షేపించుటకు ముందు వ్యాకరణమునఁ జేయు పని యొకటి చేయవలయును. సూత్రము ప్రవర్తింపలేదని నిందింపక ముందు ఆ స్థలము సూత్రాధికారమునఁ గలదా లేదా యని చూడవలయును.

2014వ సంవత్సరమును జూడుఁడు. ఢిల్లీలో నుత్తమ తెలుఁగుచిత్రము "చందమామ కథలు". నందులలో మొదటిది "లెజెండ్", రెండవది "మనం". గద్దరు పట్టికలో నా యేఁటికి "రన్ రాజా రన్", "పాఠశాల", "అల్లుడు శీను". మూఁడు పీఠములు, మూఁడు తీర్పులు, ఒక్క పేరును గలియలేదు. చూచినంతనే యిది యన్యాయమువలెఁ దోఁచును. కాని తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న నేర్పడినది. గద్దరు పురస్కారముల గణన జూన్ నుండియే మొదలు. "లెజెండ్" మార్చిలో, "చందమామ కథలు" ఏప్రిలులో, "మనం" మేలో విడుదలయినవి. మూఁడును అధికారమునకు వెలుపలివి. ఇచట విస్మరణము లేదు, ప్రసక్తియే లేదు. ప్రసక్తి లేనిచోట లోపము చెప్పుట శాస్త్రవిరుద్ధము.

సంవత్సర నిర్ణయమునను ఇట్టి భ్రాంతియే కలుగుచున్నది. గణన ధ్రువపత్రము ననుసరించునే కాని ప్రదర్శనదినము ననుసరింపదు. 2017 సంక్రాంతికి వచ్చిన "శతమానం భవతి" 2016 లెక్కలోను, 2022 మార్చిలో వచ్చిన "ఆర్‌.ఆర్‌.ఆర్‌." 2021 లెక్కలోను, 2024 సంక్రాంతికి వచ్చిన "హనుమాన్" 2023 లెక్కలోను జేరినవి. ఇది తెలియని విమర్శకుఁడు ఒక యేఁటి చిత్రమును మఱియొక యేఁటి చిత్రముతోఁ బోల్చి వృథాగాఁ గలహించును.

అధికారము తరువాత సంజ్ఞను జూడవలెను. ఢిల్లీ పట్టికలో "ఉత్తమ తెలుఁగుచిత్ర" మనునది యొకటి. అన్ని భాషలకును గలిపి "ఆరోగ్యకర వినోదము నొసఁగు ప్రజాదరణ చిత్ర" మనునది వేఱొకటి. ఈ రెండవ సంజ్ఞ మానుషసిద్ధికిఁ బెట్టిన పేరే. గద్దరు పట్టికలో 2014 మొదలు 2023 వఱకు నట్టి విభాగము లేదు. ఒకే యుత్తమ సంజ్ఞ రెండు సిద్ధులను మోయవలసివచ్చెను. దీని ఫలమేమో చూతము. 2016లో ఢిల్లీ "పెళ్లి చూపులు" ఉత్తమ మనియు, "శతమానం భవతి" ప్రజాదరణ చిత్ర మనియు నిర్ణయించినది. హైదరాబాదు "శతమానం భవతి"ని మొదటను "పెళ్లి చూపులు"ను రెండవచోటను నిలిపినది. 2017లో ఢిల్లీకి ఉత్తమము "ఘాజీ", ప్రజాదరణ చిత్రము "బాహుబలి 2". హైదరాబాదునకు "బాహుబలి 2" మొదటిది, "ఫిదా" రెండవది, "ఘాజీ" మూఁడవది. 2019లో అచట "జెర్సీ", "మహర్షి". ఇచట "మహర్షి" మొదటిది, "జెర్సీ" రెండవది. 2021లో అచట "ఉప్పెన", "ఆర్‌.ఆర్‌.ఆర్‌.", ఇచట "ఆర్‌.ఆర్‌.ఆర్‌." మొదటిది, "అఖండ" రెండవది, "ఉప్పెన" మూఁడవది. ఢిల్లీలో నొక తెలుఁగు కృతి ప్రజాదరణ పతాక నొందిన యేఁడులు ఈ కాలమున నాలుగే. నాలుగింటను నా కృతియే యిచటఁ బ్రథమస్థానమున నున్నది, అచటి యుత్తమము క్రిందికి జాఱినది. ఇది యాదృచ్ఛిక మనుటకు వీలులేదు. సంజ్ఞ లొకటిగాఁ గలిసినప్పుడు బిగ్గఱగా వినఁబడు సిద్ధి ముందు నిలుచుట స్వభావము.

దీనిఁబట్టి హైదరాబాదు ప్రాశ్నికులు గ్రహణశక్తి లేనివారని చెప్పరాదు. 2015 మొదలు 2023 వఱకు ఢిల్లీ యుత్తమ తెలుఁగుచిత్ర మనిన తొమ్మిదింటిలో నొక్కటియు వీరి మూఁడింటిలోనుండి తప్పిపోలేదు. పైఁగా ఢిల్లీ యేమియు నీయక విడిచిన "కేరాఫ్ కంచరపాలెం" 2018లోను, "మల్లేశం" 2019లోను, "మిడిల్ క్లాస్ మెలోడీస్" 2020లోను వీరిచేఁ దృతీయస్థానము నొందినవి. కంచరపాలెపు వీథివారినే పాత్రధారులుగాఁ జేసిన వెంకటేశ్ మహా కృతి కిది ఋణము తీర్చుటయే. దోషము గ్రహణమున లేదు, క్రమమునఁ గలదు.

నిజమగు విప్రతిషేధము 2015లోఁ గలదు. ఢిల్లీ "బాహుబలి" మొదటి భాగమును సర్వభాషలలో నుత్తమముగను, "కంచె"ను తెలుఁగున నుత్తమముగను గ్రహించినది. నందులలోను "బాహుబలి"యే మొదటిది. "రుద్రమదేవి" మొదటి మూఁటఁ జేరలేదు, దాని దర్శకుఁడు గుణశేఖరు బహిరంగముగ నాక్షేపించెను. గద్దరు పట్టికలో "రుద్రమదేవి" మొదటిది, "కంచె" రెండవది, "శ్రీమంతుడు" మూఁడవది. "బాహుబలి" లేనే లేదు. తుల్యబలములగు రెండు విధులు తాఁకినచోఁ బరవిధి ప్రబలమని వైయాకరణుల మతము. కాని వేఱువేఱు ప్రభుత్వముల తీర్పులకుఁ బూర్వపరభావము చెల్లదు. 2025 నాఁటిది 2017 నాఁటిదానిని బాధింపనేరదు. ఓరుగంటి రాణికథ కొక రాష్ట్రమున నాదరము హెచ్చుట యాశ్చర్యము గాదు. అయితే ఆ చిత్రమునఁ గరతాళములు రాణికంటె గోనగన్నారెడ్డి పాత్రకే యెక్కువగాఁ బడినవి. నందియు నా పాత్రధారి కల్లు అర్జునున కే లభించెను. ఢిల్లీ పీఠముచేతను గద్దరు పీఠముచేతను నిలుకడగ మన్నింపఁబడినది "కంచె" యొక్కటియే. ఊరి కులపుఁ గంచెను, ఐరోపా యుద్ధభూమిని ఒకే కథలోఁ బొదిగిన యా కృతికి ఈ మన్నన యధికము గాదు.

ఇఁక 2019. విచారమునకు నిజమైన పట్టు ఇచటనే కలదు. "మహర్షి", "జెర్సీ", "మల్లేశం" మూఁటికిని అధికారము సమానము, సంవత్సర మొకటి, పీఠ మొకటి. కావునఁ గ్రమమును బ్రశ్నించుట తగును.

"జెర్సీ"లో నాయకుఁడు జట్టులోఁ జోటు దొరకిన పిమ్మట ఇంట సంతోషమును వెల్లడింపఁడు. రైలునిలయమునకుఁ బోయి, బండి వచ్చువఱకు వేచి, దాని రొదలోఁ దన కేకను గలిపివేయును. కేక కలదు, ఎవ్వరును వినరు. దైవికసిద్ధి నింతకంటె స్పష్టముగఁ దెఱపైఁ జూపుట కష్టము. గౌతమ్ తిన్ననూరి యీ యొక్క ఘట్టముచేతనే ప్రథమస్థానమున కర్హుఁడు.

"మహర్షి", "మల్లేశం" అను రెండును శ్రమజీవుల కష్టమును వస్తువుగాఁ గొన్నవి. మొదటిది రైతుల కథ, రెండవది నేఁతవారి కథ. వీని భేదము కారకదృష్టిచేఁ దేటపడును. క్రియయందు స్వతంత్రుఁడు కర్త. ఎవ్వని నుద్దేశించి దానము జరుగునో యాతఁడు సంప్రదానము. "మహర్షి"లో విదేశమున నైశ్వర్యమార్జించిన నాయకుఁడు గ్రామమునకు వచ్చి రైతుల పక్షమున నిలుచును. త్యాగము నాతనిది, వాదము నాతనిది, విజయము నాతనిది. రైతు చతుర్థీవిభక్తియందుఁ జేతులు చాఁచి నిలిచియుండును. వంశీ పైడిపల్లి చిత్రమునఁ గరుణ లేకపోలేదు. వృద్ధుఁడగు రైతు దుక్కిదున్నుట నేర్పు ఘట్టమునఁ గొంతసేపు కర్తృత్వము రైతుచేతికి వచ్చును. ఆ కొంతసేపే చిత్రమునఁ బ్రాణము గలది. పిమ్మట మరల నాయకుని చేతికే పోవును.

రాజ్ రాచకొండ "మల్లేశం"లో బయటినుండి యెవ్వఁడును రాఁడు. పోచంపల్లి చీరకు నూలు సిద్ధపఱచుటకై ఆసు పోయుట యను పని గలదు. అర్ధచంద్రాకారముగ నాటిన మేకులచుట్టు దారమును జేతితోఁ ద్రిప్పవలెను. ఒక్క చీరకుఁ జేయి సుమారు 9,000 మాఱులు కదలును. ఈ పని యింటి స్త్రీలది. తల్లి భుజపు నొప్పిని జూడలేక చింతకింది మల్లేశము యంత్రము గల్పింపఁబూనెను. చదువు చాలలేదు, అప్పులయ్యెను, ఊరివారు నవ్విరి; తుదకు యంత్రము సిద్ధమయ్యెను. దానికిఁ దల్లిపేరనే "లక్ష్మీ" యని పేరిడెను. 2017లో భారతప్రభుత్వ మాతనికిఁ బద్మశ్రీ నిచ్చెను. ఈ కథయందు బాధ యెవ్వరి యింటిదో యుపాయమును ఆ యింటిదే. కర్త సంప్రదానము గాలేదు. తెఱపై నాసు మేకులచుట్టు చేయి తిరుగుచుండఁగా మాట యక్కఱలేదు. చూచువారి భుజము తనంత నొచ్చును.

ఇట్టిదానిని మూఁడవచోట నుంచి "మహర్షి"ని మొదట నుంచుట మానుషసిద్ధి లెక్క ప్రకారము సరియే కావచ్చును. ఉత్తమత్వమునకు లెక్క యదియే యైనచో ప్రత్యేకముగఁ బ్రాశ్నికు లేల? రొక్కపుఁ బెట్టెను లెక్కించువాఁడు చాలును.

గృహయవనికపైననే ప్రథమప్రదర్శన మొందిన కృతుల స్థితి మఱియొకటి. 2020లో "కలర్ ఫొటో", "మిడిల్ క్లాస్ మెలోడీస్" రెండును ప్రదర్శనశాలలఁ జూడకయే యింటికి వచ్చినవి. రెండును బురస్కృతము లయ్యెను. కావున గృహయవనిక యనర్హతాహేతువు గాదు. మఱుసటి యేఁడు అట్లే వచ్చిన "సినిమా బండి", "మెయిల్" మాత్రము ఏ పట్టికలోను లేవు. ప్రవీణ్ కాండ్రేగుల చేసిన మొదటిదానిలో, ఆటోలో నెవ్వరో మఱచిపోయిన ఛాయాగ్రాహకయంత్రము చేఁజిక్కఁగా డ్రైవరును ఊరివారును తామే చిత్రము దీయఁబూనుదురు. పల్లె యితరుల కథకుఁ బ్రదేశమాత్రముగ నుండుట మాని చిత్రనిర్మాణమునకే కర్త యయినది. ఉదయ్ గుర్రాల చేసిన రెండవదానిలో పల్లెకుఁ గొత్తగాఁ గంప్యూటరు వచ్చిన దినములు హాస్యముగ వర్ణితములు. వీనితోఁ బోల్చినచో ఆ యేఁటి ద్వితీయస్థానమున "అఖండ" కనఁబడుటకు సమాధానము చెప్పుట కష్టము. ధ్రువపత్రము లేని గృహయవనికాకృతులు అధికారమున కందవు. అట్టివానికి వేఱు విభాగ మొకటి కల్పించినఁ గాని యీ కొఱఁత తీఱదు. పరిశీలించిన చిత్రముల పేళ్లన్నియుఁ బురస్కారపట్టికతోఁ బాటు ముద్రించినచో, అధికారమున లేక పోయినవి యేవి, ఉండియు విడువఁబడినవి యేవి యని పాఠకుఁడే తెలిసికొనును.

పై క్రమమునకు లొంగని సంవత్సరము 2023. ఈసారి హైదరాబాదు తీర్పు ముందు వెలువడెను. ఢిల్లీ తీర్పు 2025 ఆగస్టున వచ్చెను. హైదరాబాదు "బలగం"ను మొదట, "హనుమాన్"ను రెండవచోట, "భగవంత్ కేసరి"ని మూఁడవచోట నిలిపినది. ఢిల్లీ "భగవంత్ కేసరి" యుత్తమ మనినది. "బలగం"నకు గీతరచనకుఁగాను కాసర్ల శ్యామునకు మాత్రము పతాక దక్కెను. వేణు యెల్దండి చేసిన యా చిత్రమున ముసలివాని పిండమును గాకి ముట్టదు. చెదరిన యింటివారు కలిసినఁ గాని ముట్టదు. తుదిని బుడగజంగముల పాట సాగుచుండఁగాఁ బాత్రలు మాటాడుట మానుదురు. 2023లో తెలంగాణ పల్లెలలోఁ బంచాయతుల యెదుట తెఱ గట్టి ఈ చిత్రమును జూపిరి. వందలమంది నేలపైఁ గూర్చుండి చూచిరి.