బానెట్ కింద పనితనం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల పట్టుబడి చాలావరకు చల్లటి వేళ చూసుకునే చేస్తారు. ఇంకా చీకటి వీడకముందే బొలెరో పికప్ చెరువు గట్టు మీదికి రివర్సులో వచ్చి నిలబడాలి. ఐసు, ట్రేలు, మనుషులు, అంతా బండి వెనకే. అందుకే ఆ బండ్లకు వెనక రెండు ఎల్‌ఈడీ వర్క్ లైట్లు, చలికాలం మంచు కోసం ముందు బంపర్ కింద రెండు ఫాగ్ లైట్లు అదనంగా పెట్టిస్తారు. లైటు ఏ కంపెనీదని అందరూ అడుగుతారు గానీ, వైరింగు ఎవరు చేశారని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది అదే.

విజయవాడ ఆటోనగర్‌లో ఓ ఎలక్ట్రీషియన్ ఈ పని చేస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. పనిలో దిగగానే బ్యాటరీ నెగెటివ్ ఊడదీశాడు. పాజిటివ్ ముందు విప్పితే, స్పానర్ పొరపాటున బాడీకి తగిలిందంటే నిప్పులు రాలతాయి. నెగెటివ్ ముందు తీస్తే ఆ భయం లేదు. బిగించేటప్పుడు అదే చివర బిగిస్తారు.

ఒక్కొక్కటి 55 వాట్ల హాలోజన్ ఫాగ్ లైట్లు రెండు కలిపి వెలిగితే 12 వోల్టుల బండిలో 9 ఆంపియర్లు దాటి కరెంటు లాగుతాయి. డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్చి గుండా అంత కరెంటు పంపితే స్విచ్చి కాలిపోతుంది. అందుకే మధ్యలో రిలే. దాని కాళ్ల మీద 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే వైరు, 87 నుంచి లైటుకు, 86కి స్విచ్చి నుంచి, 85 ఎర్తుకు. స్విచ్చి మోసేది రిలే కాయిల్‌ని లేపేంత కరెంటే, ఆంపియర్‌లో చిన్న భాగం. ఈయన స్విచ్చికి పార్కింగ్ లైటు లైను నుంచి కరెంటు ఇచ్చాడు. పార్కింగ్ లైట్లు ఆపితే ఫాగ్ లైట్లూ ఆగిపోతాయి, మర్చిపోయినా బ్యాటరీ దిగదు. రిలేను కాళ్లు కిందికి ఉండేలా బిగించాడు. నీళ్లు పడినా జారిపోవాలి గదా!

వైరు లావు దగ్గర చాలామంది కక్కుర్తి పడతారు. నాలుగు మీటర్ల దూరానికి అర చదరపు మిల్లీమీటరు వైరు లాగితే, ఆ 9 ఆంపియర్లకు దారిలోనే ఒకటింబావు వోల్టు పోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది పావు వోల్టే. ఖరీదైన లైటు కొని సన్న వైరు వేయడమంటే కొన్న వెలుగులో కొంత వైరులోనే పారబోయడం.

వైర్ల చివర లగ్గులు క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, లాగి చూసి, పైన స్లీవు వేసి వేడి చేశాడు. సోల్డరింగ్ చేయలేదు. సీసం పాకినంత మేర వైరు బిరుసెక్కుతుంది, బండి అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది.

నాకు ఎక్కువ నచ్చింది ఎర్తు. మామూలుగా దగ్గర్లో ఏ బోల్టు కనిపిస్తే దానికి చుట్టేస్తారు. ఈయన ఛాసిస్ మీద రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, ఎమెరీ పేపరుతో మెరిసే ఇనుము తేల్చాడు. పళ్ల వాషర్ వేసి లగ్గు బిగించి, ఆ చోటంతా వాజిలిన్ దట్టంగా పూశాడు. రొయ్యల బండికి ఇది ప్రాణం. ట్రేల నుంచి కారే ఉప్పునీళ్లు ఛాసిస్ మీదికే దిగుతాయి, గీకిన ఇనుము తుప్పు పడుతుంది, రాగి చిలుము పట్టి పచ్చబడుతుంది. ఎర్తు చెడితే లైటు ఒక్కసారిగా ఆరిపోదు. మసకబారుతుంది, మినుకుమంటుంది, బల్బే పోయిందనిపిస్తుంది.

వెనక లైట్ల వైరు గొట్టంలో ఛాసిస్ లోపలి అంచు వెంట వెళ్లింది. సైలెన్సర్‌కు దూరంగా, కమానుకట్టల కదలిక తగలకుండా, జానెడుకో క్లిప్పు. రేకు తొలిచిన ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ ఉంది. లైటులోకి వెళ్లే ముందు వైరును కాస్త కిందికి వంచి పైకి తెచ్చాడు, వాన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. వర్క్ లైట్లకు స్విచ్చి వేరు, పక్కనే ఎర్ర పైలట్ బల్బు. తెల్లటి లైట్లు వెనక వెలుగుతుండగా రోడ్డెక్కితే, వెనక వచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి.

చివర్లో లైట్లు వేసి, మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్‌కు, రెండోది లైటు పాజిటివ్‌కు ఆనించాడు. తర్వాత నెగెటివ్ వైపూ అలాగే చూశాడు. రెండూ కలిపి అర వోల్టు దాటలేదు. అప్పుడు గానీ టేపు చుట్టలేదు.

ముందు వైపు స్పాట్ లైటు పెట్టమంటే మాత్రం ఈయన ఒప్పుకోడు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వ నిబంధన దాన్ని నిషేధించింది. ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి ఉంటేనే పెట్టాలి.

మీ బండికి లైట్లు పెట్టిస్తే, డబ్బులిచ్చే ముందు బానెట్ ఎత్తించండి. బ్యాటరీ నుంచి బయల్దేరిన వైరు మీద జానెడు లోపల ఫ్యూజు కనబడాలి. ఈ ఫాగ్ లైట్లకైతే 15 ఆంపియర్లది. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే ఆపేది ఏదీ లేదు, మంటలే. అది సరిచేసేదాకా బండి అక్కణ్నుంచి కదిలించకండి.