చెవికి అయిదు సూదులు

గసగసాలు, కొబ్బరి నూరి పొయ్యని కోడికూరను మా మదనపల్లెలో చాలా ఇళ్లలో కూరగా లెక్కెయ్యరు. గింజకు చట్టం అడ్డురాదు. గింజ పండే కాయతోనే తంటా. పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు ఎండి నల్లమందవుతుంది. మార్ఫిన్ అందులోదే, హెరాయిన్ ఆ మార్ఫిన్‌తో చేసేదే. ఈ పంటకు కేంద్రం లైసెన్సు కావాలి. అది మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులకే దొరుకుతుంది. అయినా 2021లో మదనపల్లె ప్రాంతంలో దొంగచాటు చేలు బయటపడ్డాయి, అధికారులు పీకించారు. టమోటా గిట్టుబాటు కాని ఏడు ఎవడో వచ్చి కాయ కొంటానంటే రైతు మనసు ఎటు పోతుందో ఊహించడం కష్టమేమీ కాదు.

చేను పీకడానికి ఒక పూట చాలు. అలవాటు పడ్డ మనిషి సంగతి వేరు. ఈమధ్య పుంగనూరు నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశారు. "సార్, మావాడు నొప్పి మాత్రలకు అలవాటుపడిపోయినాడు. బెంగళూరులో చెవికి సూదులు పెట్టి పది రోజుల్లో మానిపిస్తారంట. పంపించేదా?" ట్రమడాల్ లాంటి ఆ మాత్రలూ నల్లమందు పనే చేస్తాయి. కుప్పంలో మెడికల్ కాలేజీ ఉంది కదా, మానసిక వైద్యులకు చూపించండి అన్నాను. "అక్కడ ఎవరైనా చూస్తే పాప పెండ్లి చెడిపోతుంది సార్. సూదులంటే ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు.

ఆ మాట తీసిపారేసేది కాదు. ఈ సూదుల వైద్యం (ఆక్యుపంక్చర్) కథంతా అందులోనే ఉంది.

1972లో హాంకాంగ్‌లో వెన్ అనే మెదడు సర్జన్ ఆపరేషన్‌లో నొప్పి తెలియకుండా ఉండేందుకు ఒక రోగికి సూదులు పెట్టి కరెంటు ఇచ్చారు. ఆ రోగి నల్లమందు మనిషి. మందు అందక ఒళ్లంతా పీకుతున్నది కాస్తా సర్దుకుందన్నాడు. వెన్ మరికొందరి మీద చేసి చూసి, మరుసటి ఏడు 40 మంది సంగతి అచ్చువేశారు.

అక్కడి నుంచి అది న్యూయార్క్ చేరింది. 1970లో సౌత్ బ్రాంక్స్ పేదపేటలోని లింకన్ ఆసుపత్రిని యంగ్ లార్డ్స్ అనే ప్యూర్టోరికన్ కుర్రాళ్ల దళం ఆక్రమించింది. హెరాయిన్ బారిన పడ్డ తమవాళ్లకు చికిత్స కావాలని పట్టుబట్టి డీఅడిక్షన్ కేంద్రం పెట్టించుకున్నారు. కొన్నాళ్లకు సూది నేర్చుకున్నారు. 1978లో నగర పాలకులు పోలీసుల్ని తెచ్చి కేంద్రం నడిపేవాళ్లను వెళ్లగొట్టారు గానీ, సూది మిగిలింది. మైకేల్ స్మిత్ అనే సైకియాట్రిస్టు దాన్ని చెవిలో అయిదు చోట్లకు కుదించారు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో అందరూ కలిసి ముప్పావుగంట కూర్చోవాలి. ఎందుకు తాగావు, ఎన్నిసార్లు మానావు అని అడిగేవాళ్లుండరు.

మెడనొప్పికి నేనూ సూదులు పెట్టించుకున్నాను. వెంట్రుకంత సన్నం. చెవి కాస్త వేడెక్కింది, రెప్పలు బరువెక్కాయి. మెడ సంగతి అటుంచితే, అరగంట నన్నెవరూ ఏమీ అడగకపోవడం మాత్రం బాగుంది. సూది గుణమా, ఆ తీరిక గుణమా?

ఇది ఊరికే వచ్చిన అనుమానం కాదు. 2002లో అమెరికాలో కొకైన్ అలవాటున్న 620 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు అసలు సూదులు, ఒక గుంపుకు ఉత్తుత్తి చోట్ల సూదులు పెట్టి, మూడో గుంపుకు మనసు నెమ్మదించే వీడియోలు చూపించారు. తేడా కనిపించలేదు. 2024లో చైనాలో నల్లమందు జాతి అలవాటుకు వైద్యంగా ఇచ్చే మెథడోన్ తీసుకుంటున్న 118 మంది మీద చేసిన పరీక్ష మరోలా చెప్పింది. ఎనిమిది వారాల్లో మెథడోన్‌ను అయిదో వంతైనా తగ్గించుకోగలిగినవాళ్లు అసలు సూదుల గుంపులో నూటికి 62 మంది, ఉత్తుత్తి సూదుల్లో 29 మంది. చిన్న పరీక్షే, కానీ కొట్టిపారేసేది కాదు. అందులో ఎవరికీ మందు మాన్పించి సూది పెట్టలేదు, మందు ఇస్తూనే పెట్టారు.

సిగ్గుతో గడప దాటని మనిషిని సూది లోపలికి రప్పిస్తే అది గొప్ప పనే. లోపల మెథడోన్‌లాగే పనిచేసే బ్యూప్రెనార్ఫిన్ లాంటి మాత్ర, దాన్నిచ్చే డాక్టరు ఉండాలి. నా భయమంతా "పది రోజుల్లో" అన్న ఆ మాట మీదే. ఒళ్లునొప్పులు, ఆవలింతలు, విరేచనాలు సూదులతోనో ఓర్పుతోనో పది రోజుల్లో దాటవచ్చు. ఆ పది రోజుల్లోనే ఒంటికి మందును తట్టుకునే శక్తి కూడా పడిపోతుంది. ఇంటికొచ్చి, మనసాగక పాత లెక్కలోనే మళ్లీ వేసుకుంటే ఊపిరి నిలిచిపోవచ్చు. మానిన కొత్తల్లో చావులు ఎక్కువగా జరిగేది ఇలాగే.

పుంగనూరాయనకు చెప్పాను: బెంగళూరుకే పంపించండి, కాదనను. కానీ పదకొండో రోజు నుంచి మాత్ర ఎవరిస్తారో, ఎన్నాళ్లిస్తారో డబ్బు కట్టకముందే అడగండి. చెప్పకపోతే కుప్పమే నయం. పెండ్లివాళ్లకు చెవినొప్పని చెప్పుకోవచ్చు.