తిథి ముందు, పాఠం వెనుక: యూదుల నూతన స్మృతిదినంపై ఒక పరిశీలన

యూదుల ఆచారవ్యవస్థలో తిథికీ పాఠానికీ విడదీయరాని బంధం ఉంది. హీబ్రూ బైబిలులోని అయిదు 'మెగిల్లోత్' (గ్రంథపు చుట్టలు) ఇందుకు ప్రబల నిదర్శనం. అష్కెనాజీ సంప్రదాయంలో పరమగీతము పస్కాకు, రూతు వారముల పండుగకు, విలాపవాక్యములు ఆబు మాసం తొమ్మిదవ నాటికి, ప్రసంగి పర్ణశాలల పండుగకు, ఎస్తేరు పూరీముకు పఠనీయాలు. ఏ రోజు ఏది చదవాలో తెలిస్తే ఆ రోజు దేనిని స్మరించాలో తెలిసినట్లే. ఇరవయ్యో శతాబ్దంలో ఏర్పడిన 'యోమ్ హషోఅ' (నాజీల చేతిలో హతులైన అరవై లక్షల యూదుల స్మృతిదినం) ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. దానికి తిథి ముందు నిర్ణయమైంది. పాఠం కోసం అర్ధశతాబ్ది ఎదురుచూడవలసి వచ్చింది. దీనిని కేవలం కాలనిర్ణయ వివాదంగా చూసిన పరిశీలకులు అసలు లోటును గమనించలేదు.

కొత్త విపత్తును పాత తిథిలో లీనం చేయడం యూదుల ప్రాచీన పద్ధతి. మిష్నాలోని 'తాఅనీత్' ప్రకరణం రెండు దేవాలయాల విధ్వంసాన్నీ, బేతార్ పతనాన్నీ ఆబు తొమ్మిదవ రోజుకే చేర్చింది. సీవాను 20 చరిత్ర మరింత ఆసక్తికరం. 1171లో ఫ్రాన్సులోని బ్లువాలో యూదులను సజీవదహనం చేసిన రోజది. 1648లో ఉక్రెయిన్‌లోని నెమిరోవ్ ఊచకోత కూడా అదే తిథినాడు జరిగింది. 1650లో పోలండు యూదుల 'నాలుగు దేశాల మండలి' ఆ రోజును ఉపవాసదినంగా విధించింది. ఆనాడు పఠించడానికి యోమ్ తోవ్ లిప్మాన్ హెల్లెర్ మొదట కొత్త విలాపగీతాలు రాయలేదు. పాతవాటినే ఎంచి ఇచ్చాడు. ఇప్పుడు జరిగింది పూర్వం జరిగినదాని వంటిదేనన్నది ఆయన సమర్థన. యోసెఫ్ హయీమ్ యెరుషల్మి 'జఖోర్' (1982) గ్రంథంలో ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా చర్చించాడు. ఆయన దృష్టిలో మధ్యయుగ యూదుల స్మృతి చరిత్రరచన ద్వారా కాక ఆచారం ద్వారా, పఠనం ద్వారా ప్రవహించింది.

1951లో ఇజ్రాయెల్ శాసనసభ ఎంచుకున్న మార్గం దీనికి భిన్నమైనది. వార్సా ఘెట్టో తిరుగుబాటు 1943 ఏప్రిల్ 19న, అంటే నీసాను 14న, పస్కా పండుగ ముందురోజు మొదలైంది. విమోచనోత్సవపు గుమ్మంలో శోకదినం నిలపడం సాధ్యం కాదు. మొర్దెఖై నురోక్ నాయకత్వంలోని సంఘం నీసాను 27ను ప్రతిపాదించింది. అది పస్కా ముగిసిన తరువాత, సంప్రదాయం శోకచిహ్నాలు పాటించే ఓమెర్ దినాలలో వస్తుంది. ఇయ్యారు 5న జరిగే స్వాతంత్ర్య దినానికి ఎనిమిది రోజుల ముందు పడుతుంది. తిరుగుబాటు ఇంకా సాగుతున్న కాలానిదే అయినా, ఆ రోజుకు ప్రత్యేక ఘటన ఏదీ లేదు. ఆ తిథికి అర్థమిచ్చినది ఘటన కాదు, స్థానం: బానిసత్వం నుంచి విడుదలకు, రాజ్యస్థాపనకు నడుమ ఒక మెట్టు. స్మృతిదినం పేరులో 'షోఅ' పక్కన 'గెవురా' (వీరత్వం) చేరడమూ ఈ దృష్టి ఫలితమే. ఆయుధం పట్టే అవకాశమే లేక మరణించిన లక్షలమందికి ఈ కథనంలో రెండవ స్థానమే దక్కింది.

సంప్రదాయవాదుల ఆక్షేపణ వేరు. నీసాను ఆనందమాసం, అందులో మృతులకై బహిరంగ విలాపం నిషిద్ధం. 'హజోన్ ఇష్'గా ప్రసిద్ధుడైన అవ్రాహాం యెషాయా కరేలిట్జ్ (1878–1953) నూతన ఉపవాసాన్ని శాశ్వతంగా విధించే అధికారమే తన తరానికి లేదన్నాడు. ఈ వర్గం విలాపాన్ని ఆబు 9కే అప్పగించింది. షిమోన్ ష్వాబ్, షొలొమో హాల్బర్‌స్టామ్ వంటి రబ్బీలు ఆ రోజు పఠించే 'కీనోత్' (శోకగీతాలు) సంపుటికి కొత్తవి చేర్చారు. 1977లో ప్రధాని మెనాహెం బెగిన్ స్మృతిదినాన్నే ఆబు 9కి మార్చాలని ప్రతిపాదించినా అది నెరవేరలేదు.

అయితే ఈ వాదాలన్నిటికంటే గంభీరమైన ప్రశ్న ఒకటుంది. యూదు కుటుంబం మృతుని తిథినాడు 'కద్దీష్' పఠించాలి. శిబిరాలలో హతులైనవారి మరణతిథి వారసులకు తెలియదు. తిథి తెలియని పితృదేవతలకు మహాలయ అమావాస్యనాడు తర్పణం విడిచే తెలుగు కుటుంబాలకు ఈ సంకటం సుబోధం. ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల మండలి, శాసనసభ తీర్మానానికి ముందే, టెబేతు 10ని సామూహిక కద్దీష్ దినంగా ప్రకటించింది. బబులోనీయులు యెరూషలేమును ముట్టడించిన పాత ఉపవాసదినమది. ఈ ఏర్పాటులో పాఠం సిద్ధంగా ఉంది, అవసరం నిజమైనది. ఆచారంగా పరిశీలిస్తే నీసాను 27 కంటె ఇదే సహజమైనది. కాని ఉపవాసం పాటించని బహుజనాన్ని అది తాకలేకపోయింది. ఉదయం 10 గంటలకు రెండు నిమిషాలు మోగే సైరన్ ఆ పని చేసింది. రహదారిపై వాహనాలు ఆగిపోతాయి, మనుషులు దిగి నిలబడతారు. ప్రార్థనా పుస్తకం అక్కరలేని ఈ మౌనం ఆచారమే, సందేహం లేదు. కాని మౌనానికి వ్యాఖ్యానం రాయలేరు, దానిని బిడ్డకు వల్లెవేయించలేరు.

ఈ కొరతను గుర్తించినవాడు అవిగ్డోర్ షినాన్. ఆయన 2003లో వెలువరించిన 'మెగిలత్ హషోఅ' ఆరు అధ్యాయాల చిన్న గ్రంథం. 'మెగిలా' అన్న పేరే దాని ఆకాంక్షను చెబుతుంది. ఎస్తేరు, విలాపవాక్యముల సరసన నిలిచి తన తిథినాడు పఠనం కావాలని అది కోరుతోంది. కాని ఆ తిథికి అప్పటికే శాసనపు భాష అలవడిపోయింది. 1997 సవరణ ప్రకారం నీసాను 27 శుక్రవారం పడితే స్మరణ గురువారానికి, ఆదివారం పడితే సోమవారానికి జరుగుతుంది. విశ్రాంతి దినపు పవిత్రతకు భంగం కలగకూడదన్నది కారణం. షినాన్ చుట్టను చదివేవారు ఆ సంవత్సరం ఏ రోజు విప్పాలో తెలుసుకోవడానికి ముందుగా ప్రభుత్వ ప్రకటన చూడాలి.