పారబోసే నీటిలో కరెంటు

చెన్నైలో స్థిరపడ్డ మా బోటి తెలుగువాళ్ల ఇళ్లలో ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి నీళ్లు వదిలారా, ఇక్కడి పూండి జలాశయం దాకా చేరాయా అన్నది ఎప్పుడూ ఉండే కబురే. 2019 వేసవిలో జలాశయాలు అడుగంటాక ఆ కబుర్లలోకి సముద్రం కూడా వచ్చి చేరింది. నిజానికి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు అప్పటికే ఉన్నాయి. ఉత్తరాన మీంజూరు దగ్గర 2010లో, దక్షిణాన నెమ్మేలిలో 2013లో మొదలైనవి ఒక్కొక్కటి రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీళ్లు ఇవ్వగలవు. 2024లో నెమ్మేలిలోనే 15 కోట్ల లీటర్లది ఇంకొకటి మొదలైంది.

వీటి గురించి చెప్పేవాళ్లంతా ముందు ఉప్పును ఆపి నీటిని మాత్రం పోనిచ్చే పొర గురించే చెబుతారు. చెప్పుకోదగ్గదే. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి పనికొచ్చే పొరను తయారుచేశాకే ఈ పద్ధతి ప్రయోగశాల దాటింది. నాకు మాత్రం ఆ పొర కన్నా, అది వద్దని తోసేసిన నీటిని ఏం చేస్తారన్నదే ఆసక్తి.

పొరకు ఒక పక్క ఉప్పునీరు, మరో పక్క మంచినీరు ఉంటే, వాటి మానాన వదిలేస్తే మంచినీరే ఉప్పు వైపు పోతుంది. దాన్ని ఆపడానికే సుమారు 27 బార్ల ఒత్తిడి కావాలి. ఎదురు నడిపించి పని జరిపించాలంటే 60 బార్ల దాకా పెట్టాలి, అంటే మోటార్‌సైకిల్ టైరులోని గాలికి దాదాపు 30 రెట్లు. ఇంతా చేస్తే 100 లీటర్ల సముద్రపు నీటికి వచ్చేది 40, 45 లీటర్లు. మిగతాది చిక్కటి ఉప్పునీరుగా బయటికొస్తుంది, పెట్టిన ఒత్తిడి దాదాపు అంతా తనలోనే పెట్టుకుని! దాన్ని అలాగే వదిలేస్తే సగానికి పైగా కరెంటు సముద్రంలో పోసినట్టే.

అందుకని పింగాణీ జాతి పదార్థంతో చేసిన ఒక డోలును మధ్యలో పెడతారు. దాని పొడవునా సన్నని గొట్టాల్లాంటి దారులుంటాయి. డోలు గిర్రున తిరుగుతుంటే, ఒక దారిలోకి ముందు కొత్త సముద్రపు నీరు వచ్చి నిండుతుంది. మరుక్షణం అవతలి చివర నుంచి ఒత్తిడి మీదున్న ఉప్పునీరు వచ్చి దాన్ని ముందుకు నెడుతుంది. మధ్యలో పిస్టన్ లేదు, అడ్డుగోడ లేదు. రెండు నీళ్లూ ఒకదాన్నొకటి తాకుతాయి గానీ బాగా కలిసేంత వ్యవధి ఉండదు. కాస్త కలుస్తాయి, అంతే. ఒత్తిడిలో నూటికి 95 పాళ్లకు పైగా కొత్త నీటికి దక్కుతుంది. తగ్గిన కొంచెం ఒక చిన్న పంపు పూరిస్తుంది. దాంతో పెద్ద పంపు మోయాల్సింది దాదాపుగా మనకు దక్కే మంచినీటి కొలతే. నన్ను అడిగితే మొత్తం ప్లాంటులో తెలివైన ముక్క ఇదే. మన వంటింటి ఆర్వో వదిలే నీటికి ఈ మర్యాద లేదు. అక్కడున్న ఒత్తిడికి అంత అవసరమూ లేదు.

ముందు జరిగే వడపోత, చివర సున్నపురాయి కలిపి నీటికి ఖనిజాలు తిరిగివ్వడం తప్పనిసరి పనులు. వాటికీ కరెంటు కావాలి. ఇప్పుడు మంచి ప్లాంటులో వెయ్యి లీటర్లకు మొత్తం 3, 4 యూనిట్లు అవుతోంది. సగం నీటిని మంచినీరుగా మార్చాలంటే ప్రకృతి నియమం ప్రకారమే ఒక యూనిట్ దాకా తప్పదు. పొరను ఎంత మెరుగుపరిచినా ఆ యూనిట్‌లో రాయితీ రాదు. ఇకపై ఆదా చేయాలంటే ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ వడపోత గదుల్లోనే వెతకాలి.