సెగ తగిలిన డప్పు

రాయచూరులో ఏరువాక పున్నమికి మున్నూరు కాపు సమాజం జరిపే తొలకరి పండుగ ‘ముంగారు హబ్బ’లో జనం కళ్లన్నీ బండలాగే ఎడ్ల మీదే. నాకైతే గడ్డిమంట దగ్గర చేరే డప్పు వాళ్ల పనే ముద్దు. తొలకరి తేమకు మేకతోలు సాగి, దెబ్బ వేస్తే ‘దబ్’మంటుంది. డప్పును సెగకు చూపిస్తూ తిప్పుతుండాలి; ఒక్కచోటే ఆపితే తోలు కమిలిపోతుంది. వేలితో తట్టి చూస్తారు, మళ్లీ కాస్తారు. ‘కణ్’మనగానే భుజానికి తగిలిస్తారు. కుడిచేతి కర్ర ‘సిర్ర’ దరువు నడిపిస్తుంటే, ఎడమచేతి చిటికెన పుల్ల ఆ సందుల్లో గలగలా దూరుతుంది. ఊరేగింపులకు డీజే బండ్లూ వచ్చాయి, రానీ! వాటికి జనరేటరు చాలు. వీళ్లకు చినుకు పడితే మళ్లీ మంట కావాలి; గడ్డికట్ట మోయడానికి జట్టులో ఓ కుర్రాడు ఉండాల్సిందే.